అంబులెన్స్ తలుపు మూసుకున్నాక: సైకిల్ రేసుల నిర్వాహకులకు ఒక రేసర్ భర్త బహిరంగ లేఖ

సైకిల్ రేసుల నిర్వాహకులకు, జట్ల మేనేజర్లకు, క్లబ్బుల కార్యదర్శులకు, కోచ్‌లకు,

నమస్కారం.

నేను రేసర్‌ను కాను. రేసర్ భర్తను. మీ రేసుల్లో నా చోటు ఎప్పుడూ తాడుకు ఇవతలే. సంచులు కాపలా కాయడం, నీళ్ల సీసాలు అందించడం, ఎండలో నిలబడి గుంపు ఎప్పుడు వస్తుందా అని రోడ్డు చివరకు చూడటం నా పని. నా భార్య చాలా ఏళ్లుగా రోడ్డు రేసుల్లో పాల్గొంటోంది. దాని మీద ఆమెకు జీతం రాదు, ఉద్యోగం వేరే ఉంది. తెల్లవారకముందే లేచి శిక్షణ ముగించుకుని పనికి వెళ్లే వేలాది మంది రేసర్లలో ఆమె ఒకరు. మీ రేసుల్లో బయలుదేరే గీత దగ్గర నిలబడేవారిలో ఎక్కువ మంది అలాంటివారే కాబట్టి ఈ లేఖ వాళ్ల ఇళ్ల తరఫున కూడా అనుకోండి.

కిందటి సీజన్‌లో ఒక రేసులో, వాలు దిగుతుండగా ముందున్నవారి వెనక చక్రానికి ఆమె ముందు చక్రం తగిలి పడిపోయింది. వెనక వస్తున్న ఇద్దరు ఆమె మీద పడ్డారు. కటి ఎముక విరిగింది, తుంటి కీలు గిన్నె చిట్లింది. కాలర్‌బోన్ రెండు ముక్కలైంది. పక్కటెముకలు విరిగి ఒక ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. తలకు దెబ్బ తగిలింది. బతికింది, ఇప్పుడు నడుస్తోంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఏమవుతుందోనన్న ఆదుర్దాతో కాకుండా, ఏం చేయాలన్న ఆలోచనతో మీరు ఈ లేఖ చదవాలని నా కోరిక.

పడిపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు దూరంతో, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వాలు దిగే ఆటలో పడకుండా ఎవరూ ఉండరు. ఆమెకు ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు. రేసుకు ముందు మీరు తయారు చేసే భద్రతా ప్రణాళికను తర్వాత తెప్పించుకుని చదివాను. ఏ మలుపు దగ్గర ఎవరు నిలబడాలి, ఏ దిమ్మెకు మెత్త కట్టాలి, అంబులెన్స్ ఏ దారిన వెళ్లాలి అన్నీ అందులో ఉన్నాయి. బాగానే రాశారు. కానీ అది అంబులెన్స్ తలుపు మూసుకునే చోట ఆగిపోయింది. సరిగ్గా అక్కడి నుంచే మా పని మొదలైంది. భర్తో, భార్యో, తల్లో, ఎవరో ఒకరు ఆ తలుపు అవతల ఉంటారు. ఆ మనిషికి మీ ప్రణాళికలో ఒక్క వాక్యం కూడా లేదు. ఉండాలని అడగడానికే ఇదంతా.

ఆ రోజు నేను రేసు దగ్గర లేను. ఇంట్లో ఫోనులో ఫలితాల పట్టిక చూస్తున్నాను. ఆమె పేరు ఎదుట ‘డీఎన్ఎఫ్’ అని వచ్చింది, అంటే రేసు ముగించలేదని. టైరు పంక్చరైనా అవే అక్షరాలు, ఓపిక అయిపోయి పక్కకు తప్పుకున్నా అవే, కటి ఎముక విరిగినా అవే. నాకు ఫోను వచ్చేసరికి ఆ పట్టికను ఊరంతా చూసేసింది. నిజానికి దరఖాస్తులో నా నంబరు అడిగి రాయించుకున్నది మీరే. అయితే ఆ నంబరు కార్యాలయంలోని కంప్యూటర్‌లో ఉండిపోయింది. ప్రమాదం జరిగిన మలుపు దగ్గర కాపలా ఉండే మార్షల్ (రేసు దారిని చూసుకునే మనిషి) దగ్గర లేదు, అంబులెన్స్‌లో లేదు. చివరికి ఆమె జట్టు సహచరి తన రేసు ముగించుకుని, విషయం తెలుసుకుని నాకు ఫోను చేసింది. చెమట కూడా తుడుచుకోకుండా మాట్లాడిన ఆ అమ్మాయికి రుణపడి ఉంటాను. కానీ అది ఆమె చేయాల్సిన పని కాదు.

అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. రేసు రోజున ఒక మనిషికి ఒకే పని అప్పగించండి. ఎవరైనా ఆసుపత్రికి వెళితే వాళ్ల ఇంటికి ఫోను చేయడం, ఆ ఫోను పెట్టేశాక కూడా అందుబాటులో ఉండటం. ఆ మనిషి డాక్టరు కానక్కర్లేదు. ‘పడింది, స్పృహలో ఉంది, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్లారు, నా నంబరు ఇది, మళ్లీ ఇన్ని గంటలకు చేస్తాను’ అని నిలకడగా చెప్పగలిగితే చాలు. రేసు నంబరు గుడ్డ వెనక ఇంటి ఫోను నంబరు, మందులు పడని వివరాలు రాయించడం చాలాచోట్ల ఉన్న అలవాటే. మీరూ తప్పనిసరి చేయండి. ఆసుపత్రిలో బట్టలు కత్తిరించి తీసేస్తారు కాబట్టి అంబులెన్స్ సిబ్బందికి ఆ గుడ్డ వెనక చూడమని ముందే చెప్పి ఉంచండి.

ఇంకో కాగితం గురించి కూడా చెప్పాలి. దాని అవసరం ఆసుపత్రిలో నాకు ఎదురైన ప్రశ్నల వల్ల తెలిసింది. ఎన్ని గంటలకు పడింది? తల ఏ వైపు నేలకు తగిలింది? స్పృహ తప్పిందా, తప్పితే ఎంతసేపు? లేచాక ఏం మాట్లాడింది, అడిగిందే మళ్లీ అడిగిందా? వాంతి అయిందా? కాళ్లు కదిపిందా? ఎవరు లేపారు, ఎలా లేపారు? ఆఖరిసారి ఏం తాగింది, ఏం తింది? ఈ చివరి ప్రశ్న ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుది. రేసర్లు పడే క్షణం దాకా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూనే ఉంటారు కాబట్టి మిగతా రోగుల కన్నా వీళ్ల విషయంలో ఆ ప్రశ్న ముఖ్యం. స్పృహ గురించి అడిగినవన్నీ తల గాయం తీవ్రత అంచనా కోసం. పడిన తర్వాత ఎంతసేపటి జ్ఞాపకం చెరిగిపోయిందన్నది అందులో పెద్ద ఆనవాలు. ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు తెలిసినవారు ఆ మలుపు దగ్గర ఉన్నారు. ఆసుపత్రిలో ఉన్న నాకు ఒక్కదానికీ తెలియదు. అక్కడున్న మార్షల్ ఒక చిన్న కాగితం మీద ఈ వివరాలు గీకి అంబులెన్స్‌లో పెట్టి ఉంటే సరిపోయేది.

సైకిల్‌ను మాత్రం ఎంతో జాగ్రత్తగా తెచ్చి అప్పగించారు. మట్టి తుడిచి మరీ ఇచ్చారు. హెల్మెట్ అడిగితే, పగిలిపోయింది కదా, పారేశామన్నారు. అది పారేయాల్సినది కాదండీ. ఎక్కడ నలిగింది, ఎక్కడ చీలింది అన్నది చూస్తే దెబ్బ ఏ వైపు నుంచి తగిలిందో తెలుస్తుంది. దాన్ని సంచిలో వేసి రోగితో పాటు పంపండి. ఆ తర్వాత దాన్ని ఎవరూ పెట్టుకోకుండా చూసే బాధ్యత మాది.

తల సంగతి వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ఎముకలు నన్ను అంతగా భయపెట్టలేదు. ఎక్స్‌రేలో కనిపించేది ఏదైనా ఒక విధంగా ధైర్యమే. కంకషన్, అంటే దెబ్బకు మెదడు కుదుపుకు గురికావడం, అలాంటిది కాదు. చాలా సందర్భాల్లో స్కాన్‌లో ఏమీ కనిపించదు. కంకషన్ అయినవారిలో ఎక్కువ మంది అసలు స్పృహే కోల్పోరు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి. హెల్మెట్ ఉంది కదా అన్నది మరో భ్రమ. ఐరోపాలో సైకిల్ హెల్మెట్లకు వర్తించే ఈఎన్ 1078 ప్రమాణంలో హెల్మెట్‌ను చదునైన దిమ్మె మీద పడేసి పరీక్షించే వేగం సెకనుకు 5.42 మీటర్లు, అంటే గంటకు 20 కిలోమీటర్ల లోపే. సుమారు మీటరున్నర ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బ అది. పుర్రె పగలకుండా హెల్మెట్ ఎంతో మందిని కాపాడుతుంది, నా భార్యను కూడా కాపాడింది. కానీ లోపల మెదడు కుదుపుకు గురికాకుండా పూర్తిగా ఆపగలిగే హెల్మెట్ లేదు.

పైగా మీ ఆటకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఫుట్‌బాల్‌లో తలకు దెబ్బ తగిలితే ఆట ఆపి చూస్తారు. రోడ్డు రేసులో గుంపు ఆగదు. పడినవారికి క్షణక్షణం దూరం పెరుగుతుంటుంది, పరీక్షించే డాక్టరుకు సమయం ఉండదు, రైడర్‌కు ఓపిక ఉండదు. 2017లో అమెరికాలో జరిగిన టూర్ ఆఫ్ కాలిఫోర్నియా రేసులో లాత్వియా రేసర్ తోమ్స్ స్కుయిన్ష్ పడిపోయి, తూలుతూ రోడ్డుకు అడ్డంగా నడిచి, మళ్లీ సైకిలెక్కిన దృశ్యం మీలో చాలా మంది చూసే ఉంటారు. అతనికి కంకషన్ అయింది, కాలర్‌బోన్ కూడా విరిగింది. 2020 టూర్ డి ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ రేసర్ రొమైన్ బార్డే పడిన తర్వాత కూడా ఆ రోజు దూరమంతా పూర్తి చేశాడు. కంకషన్ వల్ల పోటీ నుంచి తప్పుకున్నాడు, తర్వాత చేసిన పరీక్షల్లో మెదడులో చిన్న రక్తస్రావం ఉందని తేలింది. పెద్ద జట్లు, డాక్టర్లు, కెమెరాలు ఉన్న చోటే ఇలా జరిగితే ఒకే అంబులెన్స్‌తో నడిచే మీ ఆదివారం రేసు మాటేమిటి?

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2020 డిసెంబరులో కంకషన్ నియమావళి ప్రకటించింది. డాక్టర్లే కాదు, కోచ్‌లు, మెకానిక్‌లు, తోటి రైడర్లు కూడా లక్షణాలు గుర్తుపట్టడం నేర్చుకోవాలని అందులో ఉంది. మొదటి 24 నుంచి 48 గంటలు పూర్తి విశ్రాంతి. లక్షణాలన్నీ పోయాక కూడా పెద్దవాళ్లు కనీసం వారం, జూనియర్లు రెండు వారాలు పోటీలకు దూరంగా ఉండాలి. మంచి నియమం. అయితే ‘లక్షణాలన్నీ పోయాక’ అన్నారు చూశారా, అవి పోయాయో లేదో ఎవరు చెప్పాలి? రైడరా? నా భార్య అబద్ధం ఆడే మనిషి కాదు. కానీ డాక్టరు గదిలో కూర్చుంటే ఆమె పోటీలో ఉన్న మనిషిలా మారిపోతుంది. ‘తలనొప్పి ఉందా?’ అంటే ‘దాదాపు లేదు’ అంటుంది. ఆ దాదాపు ఏమిటో నాకు తెలుసు. కిటికీ తెరలు తీస్తే మొహం పక్కకు తిప్పుకునేది. గిన్నె చప్పుడైతే చిరాకు పడేది. పుస్తకం పట్టుకుని అదే పేజీ దగ్గర కూర్చునేది. చెప్పిన మాటే కాసేపటికి మళ్లీ చెప్పేది. ఎప్పుడూ కోపం రాని విషయానికి కోపగించుకునేది, వెంటనే ఏడ్చేది. ఇవి పది నిమిషాల పరీక్షలో దొరకవు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకే కనిపిస్తాయి.

అందుకే నాది ఒక గట్టి డిమాండు. తలకు దెబ్బ తగిలిన రైడర్‌ను మళ్లీ పోటీకి అనుమతించే కాగితం మీద డాక్టరు సంతకంతో పాటు, ఇంట్లో చూసుకున్న మనిషి రాసిన పరిశీలన కూడా ఉండాలి. అనుమతి ఇచ్చే అధికారం మాకు అక్కర్లేదు, అది డాక్టరుదే. మేము చూసింది డాక్టరుకు చేరాలి, అంతే. దీనివల్ల దాంపత్యాల్లో గొడవలు వస్తాయని మీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ గొడవలు ఇప్పటికే ఉన్నాయి. కాగితం ఉంటే ‘నువ్వు నన్ను ఆపుతున్నావు’ అనే మాట ‘నియమం అడుగుతోంది’ అనే మాటగా మారుతుంది. మాకు అది చాలా పెద్ద ఊరట.

ఇక ఇంటికి తీసుకెళ్లే సంగతి. రేసు జరిగింది మా ఊళ్లో కాదు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని తేలేదాకా విమానం ఎక్కకూడదు. కటి ఎముక విరిగినందువల్ల కారులో ఎక్కువసేపు కూర్చోలేదు. ఫలితంగా ఎవరూ తెలియని ఊళ్లో, ఆసుపత్రి వరండాలో వారాల తరబడి నా కాపురం. ఆ ఊళ్లో ప్రతి సందూ మీకు తెలుసు. రోడ్లు మూయించగలరు, పోలీసులతో మాట్లాడగలరు, విజేతలకు బస ఏర్పాటు చేయగలరు. ఆసుపత్రి దగ్గర ఒక గది ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి ఒక్కరూ రాలేదు. బహుమతి ప్రదానం ఫొటోలు మాత్రం నాకు కూడా పంపించారు.

ఇంటికి వచ్చాక జరిగేవి రేసుల గురించి రాసేవాళ్లు ఎప్పుడూ రాయరు. తుంటి కీలు గిన్నె చిట్లితే వారాల తరబడి ఆ కాలు మీద బరువు మోపకూడదు. రెండో కాలు, రెండు చేతుల మీద నెట్టుకొద్దామంటే ఒకవైపు కాలర్‌బోన్ విరిగి ఉంది, అంటే ఊతకర్ర పట్టుకునే చెయ్యీ లేదు. పక్కకు తిరగాలంటే ఇద్దరం కలిసి తిరగాలి. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టలో సూది. మొదటిసారి ఆ సూది పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణికింది, ఆమె నవ్వబోయి పక్కటెముకల నొప్పికి ఆగిపోయింది. నొప్పి మందుల వల్ల మలబద్ధకం. దగ్గాలి, కానీ దగ్గితే ప్రాణం పోతుంది. దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. దిండును ఛాతీకి హత్తుకుని దగ్గమని ఫిజియోథెరపిస్టు నేర్పింది. రోడ్డు మీద గీసుకుపోయిన చర్మానికి డ్రెస్సింగ్. ఎండబెట్టి పొక్కు కట్టనివ్వకూడదు, తడి ఆరకుండా కప్పి ఉంచాలి. లోపల ఇసుక రేణువులు మిగిలిపోతే చర్మంలో నల్లటి మచ్చలుగా నిలిచిపోతాయి. ఇదంతా నేర్చుకున్నాను. నేర్చుకోగలిగినవి ఇవే.

నేర్చుకోలేనివి ఇంకొన్ని. భార్యకు మూత్రం పాత్ర అందించేటప్పుడు ఎటు చూడాలి? ఆమె ‘థాంక్స్’ అన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది, ఇంట్లో మనుషులం అలా చెప్పుకుంటామా? చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. స్నానం, డ్రెస్సింగ్, సూది జరుగుతున్నంతసేపు నేను నర్సును. నర్సుతో సంసారం మాటలు, డబ్బు మాటలు, రేసు మాటలు మాట్లాడకూడదు. చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాక నేను భర్తను. అప్పుడు ఏమైనా అనొచ్చు. వారానికి కొన్ని పూటలు ఆ నర్సు పనికి బయటి మనిషిని పెట్టుకున్నాం. ఈ ఏర్పాటు మా కాపురాన్ని కాపాడింది. గాయపడిన భార్యనో భర్తనో చూసుకుంటున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, డబ్బు వెసులుబాటు ఏమాత్రం ఉన్నా ఇతర ఖర్చులు తగ్గించుకుని దీనికి పెట్టండి.

రేసర్లు మామూలు రోగులు కారు. ఈ విషయం ఆసుపత్రికి తెలియదు, మీకు తెలుసు. మామూలు రోగి డాక్టరు చెప్పిన వ్యాయామం ఎగ్గొడతాడు. రేసర్ రెట్టింపు చేస్తాడు. గంటకు పదిసార్లు గట్టిగా ఊపిరి తీసుకోమంటే ఆమె ముప్ఫైసార్లు తీసుకుని కళ్లు తిరిగి పడుకునేది. వాకర్ ఇచ్చిన రోజు హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు ఎంతసేపు పట్టిందో చూడమని గడియారం నా చేతికిచ్చింది. నొప్పిని ఓర్చుకోవడమే గొప్ప అని ఇన్నేళ్లు మీరే నేర్పారు. ఎముక అతికే దశలో ఆ విద్య శత్రువు. నేను విశ్రాంతి అంటే అది భర్త గొణుగుడు. డాక్టరు అంటే సైకిల్ తెలియని మనిషి మాట. ఒకరోజు ఆమె కోచ్ ఫోను చేసి, ‘వచ్చే ఆరు వారాల శిక్షణ ప్రణాళిక పంపుతున్నాను’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తెరిచి చూస్తే ప్రతి రోజు గడిలోనూ పడుకోవాల్సిన గంటలు, ఊపిరి వ్యాయామాలు, ‘ఇంతకు మించి చేస్తే ఈ రోజు విఫలం’ అన్న గీత! సర్జన్‌తో మాట్లాడి మరీ రాశాడు. ఆమె దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. కోచ్‌లారా, మీ శిష్యులు మంచం మీద ఉన్నప్పుడు మీ మాటకు మందు కన్నా ఎక్కువ బలం ఉంటుంది. పరామర్శ ఫోనుతో సరిపెట్టకండి.

పరామర్శలంటే గుర్తొచ్చింది. ‘మళ్లీ సైకిల్ ఎప్పుడు ఎక్కుతావు?’ అన్నది ధైర్యం చెప్పడం కాదు. పక్కకు తిరగడానికి ఇద్దరు మనుషులు కావలసిన స్థితిలో ఆ ప్రశ్న వింటే ఎలా ఉంటుందో ఊహించండి. దాని వెంటే ఫలానా చాంపియన్ ఎలా తిరిగొచ్చాడో కథ. 2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు రేసులో పడి, ఊపిరితిత్తి దెబ్బతిని, కాలర్‌బోన్, పక్కటెముకలు విరిగిన యోనాస్ వింగెగార్డ్ అదే ఏడాది టూర్ డి ఫ్రాన్స్‌లో రెండో స్థానంలో నిలిచాడు. అద్భుతమే, కాదనను. కానీ అతని వెనక ఒక జట్టు, డాక్టర్లు, ఫిజియోలు, వంటవాళ్లు రాత్రింబవళ్లు ఉన్నారు. కోలుకోవడమే అతని ఉద్యోగం. మా ఇంట్లో ఆ సిబ్బంది అంతా ఒక్కడినే, మధ్యలో ఆఫీసు పని కూడా చేసుకోవాలి. నాలుగుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2019 జూన్‌లో ఒక టైమ్ ట్రయల్‌కు (ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే రేసుకు) ముందు దారి పరిశీలిస్తూ పడిపోయి తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. తిరిగి పోటీల్లోకి వచ్చాడు, కానీ మునుపటి స్థాయి మళ్లీ అందుకోలేకపోయాడు. 2021 డిసెంబరులో శిక్షణలో పడిన డచ్ రేసర్ ఎమీ పీటర్స్ నెలల తరబడి కోమాలో ఉంది. ఈ కథలు ఎవరూ మంచం పక్కన చెప్పరు. చెప్పమనీ అనను. అసలు ఏ కథా వద్దంటాను. వచ్చి కూర్చోండి, ఆమెకు కాసేపు తోడుండండి, నన్ను బయటకు పంపండి. క్లబ్బులో ఒక పెద్దావిడ సరిగ్గా అదే చేసింది. ప్రతి శనివారం వచ్చి, నాకు తలుపు చూపించి, చీకటి పడేదాకా రావద్దనేది.

మా సంగతి కూడా ఒక మాట. ఐసీయూలో గడిపిన రోగుల కుటుంబసభ్యుల్లో ఆందోళన, కుంగుబాటు, ప్రమాదం పదే పదే కళ్ల ముందు మెదలడం నెలల తరబడి ఉండవచ్చని వైద్యులు గుర్తించారు. నేను ఆ ప్రమాదాన్ని చూడనే లేదు. అయినా రోడ్డు మీద సైకిల్ బ్రేకు కీచుమంటే నా గుండె ఆగేది. కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాను, మేలు జరిగింది. గాయపడిన రైడర్‌కు కౌన్సెలింగ్ ఇప్పించే క్లబ్బులు దాన్ని ఇంట్లోవాళ్లకూ ఇప్పించాలి.

ఇక ఆమె ముందు వెళ్తున్న రైడర్ గురించి. ఎవరి చక్రానికి ఆమె చక్రం తగిలిందో ఆ రైడర్ మమ్మల్ని కలవాలనుకుంటే, వద్దు, కేసులవుతాయి అని మీలో కొందరు ఆపారని తర్వాత తెలిసింది. నా భార్య మనసులో ఆ మనిషి మీద కోపం అణువంత కూడా లేదు. ‘పాపం, నా వల్ల భయపడిపోయి ఉంటుంది’ అని ఎన్నోసార్లు అంది. చివరకు ఇద్దరూ కలుసుకున్నారు, చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ కలయికను అన్ని నెలలు ఆలస్యం చేసిన మీ జాగ్రత్త ఎవరిని కాపాడింది?

బీమా గురించి వివరంగా రాసే ఓపిక నాకు లేదు, ఒక్కటి చెబుతాను. లైసెన్సుతో పాటు బీమా ఉంది అంటే రైడర్లందరూ తమ ఆసుపత్రి ఖర్చు వస్తుందనుకుంటారు. ఇతరులకు జరిగిన నష్టానికి చెల్లించే బీమా వేరు, మన ఒంటికి జరిగిన గాయానికి చెల్లించే బీమా వేరు. మొదటిది మాత్రమే ఉన్నప్పుడు ఆ విషయం దరఖాస్తు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. రెండోది ఉంటే పరిహారం అడిగే గడువు ఎన్ని రోజులో, ఇంటికి ఫోను చేసే ఆ మనిషే మాకు చెప్పాలి.

ఇవన్నీ విని మా రేసులో ఇంతవరకు అంత పెద్ద ప్రమాదం జరగలేదు అనవచ్చు. మీ ఆట చరిత్ర చూస్తే అదే భయం వేస్తుంది. 1991లో హెల్మెట్ తప్పనిసరి చేయబోతే ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-నీస్ రేసులో రైడర్లే సమ్మె చేసి ఆపించారు. 2003 మార్చిలో అదే పారిస్-నీస్‌లో హెల్మెట్ లేకుండా పడిన కజకిస్తాన్ రేసర్ ఆంద్రేయ్ కివిలెవ్ చనిపోయాక, ఆ ఏడాదే నియమం వచ్చింది. 2024 సెప్టెంబరులో జూరిక్ ప్రపంచ చాంపియన్‌షిప్ జూనియర్ రేసులో స్విస్ రేసర్ మ్యూరియల్ ఫురర్ అడవి దారిలో పడిపోయింది. చాలాసేపు ఆమె అక్కడ పడి ఉందని ఎవరికీ తెలియలేదు. మర్నాడు మరణించింది. పద్దెనిమిదేళ్లు. 2025లో రువాండా రాజధాని కిగాలిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లో రైడర్ల జాడ తెలిపే పరికరాలు అమర్చారు. ముందు ఒక ఇంట్లో దీపం ఆరాలి, తర్వాత నియమం రావాలి. పరికరాలు కొనే స్తోమత మీకు లేకపోవచ్చు. బయలుదేరిన వారిని లెక్కపెట్టి, గీత దాటిన వారిని లెక్కపెట్టి, తేడా వచ్చిన ప్రతి పేరుకూ సమాధానం దొరికేదాకా మార్షళ్లను ఇంటికి పంపకుండా ఉండటానికి స్తోమతతో పని లేదు.

నేను ఈ లేఖ రాస్తున్నానని తెలిసి చాలా మంది, ఆమెను ఇక రేసులకు పంపవు కదా అని అడిగారు. పంపడానికి, ఆపడానికి ఆమె నా చేతిలో లేదు. ఇంట్లో కదలని సైకిల్ మీద తొక్కడం మొదలుపెట్టింది, డాక్టరు సరేనన్న తర్వాతే. రోడ్డు మీదకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఆ నిర్ణయంలో నా భయాన్ని నేను దాచలేదు, దాన్ని ఆయుధంగానూ వాడలేదు. రెండూ ఆమెకు తెలుసు.

మీ తదుపరి వార్షిక సమావేశంలో ఈ అంశానికి ఒక గంట కేటాయించండి. నన్నొక్కడినే కాదు, మీ రేసుల్లో గాయపడినవారి ఇళ్ల నుంచి వచ్చేవాళ్లందరినీ పిలవండి. వాళ్లు నా అంత మర్యాదగా మాట్లాడకపోవచ్చు, అయినా వినండి. ఇంటికి ఫోను చేసే ఆ బాధ్యతకు మనుషులు దొరకడం లేదని మాత్రం చెప్పకండి. వచ్చే సీజన్ మొదటి రేసుకు ఆ పనికి నా పేరు రాసుకోండి. నా భార్య ఆ రోజు రేసులో ఉన్నా లేకపోయినా వస్తాను. రైడర్ల జాబితా, వాళ్ల ఇళ్ల నంబర్లు ముందురోజు సాయంత్రానికి నా చేతికి అందాలి.

ఇట్లు,
ఒక రేసర్ భర్త